ఫ్యాన్ చాలు

పరకాల దాక మంచిగనే వచ్చిందట.
గూడెప్పాడు దాటినంక కూడ
ముల్లు సగం మీదికి లేవలేదట.
ఎనుమాముల మలుపుల
పత్తి బండ్ల ఎనుక ఇరవై నిమిషాలు ఆగేసరికి
బానెట్ సందులకెల్లి ఆవిరి.

రెండే తలుపులు, రెండే సీట్లు,
నేలకు చెవొగ్గి ఏదో ఇంటున్నట్టు
కిందికి కూసున్న ఎర్ర కారు.
తాడు కట్టి ట్రాక్టర్ తోని గుంజుకొచ్చిండు
దుర్గం రాయలింగు,
భూపాలపల్లి బాయిల ముప్పై రెండేండ్లు చేసి
కిందటేడు దిగిపోయిన మనిషి.
వేలంపాటల కొన్నడట.
ఎందుకు కొన్నవే అని అజ్జు అడిగిండు.
"ఎర్రగున్నది" అన్నడు.

ఫ్యూజు సూసిన, మంచిగనే ఉంది.
రిలే టిక్కుమంటంది, గంతే.
బ్యాటరీకెల్లి రెండు వైర్లు డైరెక్టు ఇచ్చిన.
మోటరు ఒక్కసారి మూలిగి
మళ్ల పండుకుంది.
రెక్కను వేలుతోని తిప్పితే
ఇసుక నమిలిన సప్పుడు.

"మరి గింత దూరం ఎట్లొచ్చింది?" అన్నడు అజ్జు.
నేను చెప్పబోయిన.
రాయలింగే అందుకున్నడు:
"ఉరికేటప్పుడు గాలే ఎదురొస్తది బిడ్డా,
నిలబడ్డప్పుడే ఫ్యాన్ తోని పని."
చెప్పి, తువ్వాలతోని మెడ తుడుసుకున్నడు.
దిగిపోయిన సంది నిద్ర పడ్తలేదని
పొద్దుగాల చాయ తాక్కుంట చెప్పిన ముచ్చట
నాకెందుకో గప్పుడు యాదికొచ్చింది.

విప్పుడే ఒక పూట.
ముందు బంపర్, దానెనుక రేకు,
పది నంబరు బోల్టులు నాలుగు.
మూడు వచ్చినయి.
నాలుగోది డీజిల్ తాగి, తిట్లు తిని,
ఆఖరికి తల తెగి చేతిల పడ్డది.
రేడియేటర్ జాలి నిండ పత్తి పింజలు,
ఊక, ఒక తూనీగ రెక్క.
అజ్జు పాత పండ్ల బ్రష్షుతోని
పేన్లు తీసినంత ఓపికగ దువ్విండు.

దీని అసలు ఫ్యాను తెప్పియ్యాల్నంటే
మూణ్నెల్లు, కారు కొన్న ధరల పావు వంతు.
ఉర్సుగుట్ట కాడ పాత సామాన్ల ఖాజామియా
ఏ ట్యాక్సీదో ఒకటి ఇచ్చిండు, ఎనిమిది వందలకు.
చెవులు కలువలేదు.
ఇనుప పట్టీ కోసి, తూట్లు పొడిసి,
అదురకుండ సైకిలు ట్యూబు ముక్క పెట్టి బిగించిన.
పట్టుబట్టకు గోనె మాసిక.

వైర్లు కలిపిన. తిరిగింది!
మేమిద్దరం ఈలేసినం.
రాయలింగు మాత్రం జాలి ముందర
ఒక పింజ పట్టుకొని వంగిండు.
జాలికి అంటుకోవాల్సిన పింజ
ఎగిరి ఆయన మీసం మీద పడ్డది.
"గాలి ఉల్టా కొడ్తంది" అన్నడు మెల్లగ,
"బాయిల అగ్గి లేసిననాడే గిట్ల తిప్పుతం."

గప్పుడు తెలిసింది,
ఈయన బొగ్గు తవ్వినోడు కాదు.
బాయి మీది ఫ్యాన్ ఇంట్ల
ఒక్కడే కూసొని, ఆ ఒక్క మోత ఇనుకుంట
కింద నాలుగు వందల మందికి ఊపిరాడిచ్చినోడు.
నేను ఏమనకుండ
ఎరుపు నలుపు మార్చి బిగించిన.

స్టార్ట్ చేసి, కదలకుండ నిలబెట్టినం.
ముల్లు సగం. సగం మీద ఇంకింత.
ఎవ్వరం మాట్లాడలే.
టిక్.
పింజ పోయి జాలికి అతుక్కుంది.

పైసలిచ్చినంక పోతడనుకున్నం.
సుద్దముక్క అడిగిండు.
షట్టర్ మీద, మా ఫోన్ నంబరు కింద,
రిజిస్టర్ల రాసినట్టు రాసిండు:
నాలుగు గంటల పది నిమిషాలకు ఫ్యాన్ చాలు.
సంతకం. టోకెన్ నంబరు.

"చాలు అంటె నడుస్తందనా,
ఇగ సరిపోయిందనా?" అన్నడు అజ్జు.
ఆయన అప్పటికే తాళంచెవి తిప్పి
సీట్లకు ఒరిగిండు.
ఇంజన్ ఆగినంక కూడ
ఫ్యాను ఇంకో రెండు నిమిషాలు తిరిగింది.
అది ఆగకముందే
ఆయనకు నిద్ర పట్టింది.